ఎవరి సినిమా? – బ్రిటిష్ చలనచిత్ర అస్తిత్వంపై ఒక లక్షణ విచారం

2014 ఫిబ్రవరిలో బ్రిటిష్ చలనచిత్ర, టెలివిజన్ అకాడమీ ఉత్తమ బ్రిటిష్ చిత్ర పురస్కారాన్ని 'గ్రావిటీ'కి ప్రకటించింది. ఆ చిత్ర దర్శకుడు అల్ఫోన్సో క్వారోన్ మెక్సికో దేశీయుడు. ప్రధాన పాత్రధారులు సాండ్రా బుల్లక్, జార్జ్ క్లూనీ ఇద్దరూ అమెరికన్లు. వారు ధరించిన పాత్రలు కూడా అమెరికన్ వ్యోమగాములవే. పెట్టుబడి వార్నర్ బ్రదర్స్‌ది. కథ నడిచేది ఏ దేశపు సరిహద్దూ లేని అంతరిక్షంలో. అయితే నిర్మాత డేవిడ్ హేమన్ బ్రిటన్ వాడు. చిత్రీకరణలో అధికభాగం లండన్ పరిసరాల స్టూడియోలలో జరిగింది. తెరమీది అంతరిక్షాన్ని సృష్టించినది లండన్‌లోని ఫ్రేమ్‌స్టోర్ సంస్థ నిపుణులు. ఈ ఎంపికను అప్పట్లో పలువురు ఎగతాళి చేశారు. ఎగతాళి చేయడం సులువే. కాని దర్శకుని పుట్టుక, నటుల జాతీయత, పెట్టుబడి మూలం, కథాస్థలం – వీటిలో ఏ ఒక్కటి అడ్డువచ్చినా చిత్రం బ్రిటిష్‌ది కాకుండా పోతుందంటే, బ్రిటన్ గర్వంగా చెప్పుకునే చిత్రాలలో ఎన్ని మిగులుతాయో చెప్పడం కష్టం.

తర్కశాస్త్రం లక్షణానికి మూడు దోషాలను చెప్పింది. 'కపిలవర్ణం గలది గోవు' అంటే తెల్లావు తప్పిపోతుంది, అది అవ్యాప్తి. 'కొమ్ములు గలది గోవు' అంటే గేదె కూడా వచ్చి చేరుతుంది, అది అతివ్యాప్తి. 'ఒంటి గిట్ట గలది గోవు' అంటే ఏ ఆవుకూ వర్తించదు, అది అసంభవం. బ్రిటిష్ చిత్రపరిశ్రమ చరిత్రను ఈ దృష్టితో చదివినప్పుడు, దాదాపు నూరేళ్లుగా ఆ దేశం తన సినిమాకు లక్షణం చెప్పుకోవడానికి ప్రయత్నిస్తూనే ఉన్నదనీ, చెప్పిన ప్రతి లక్షణమూ అవ్యాప్తితోనో అతివ్యాప్తితోనో చెడుతూనే ఉన్నదనీ తెలుస్తుంది. దీనిని శాసనకర్తల అసమర్థతగా తీసివేయడానికి వీలులేదు. ఒక చిత్రం ఏ దేశానిదన్న ప్రశ్నను కొమ్ముల వంటి, రంగు వంటి గుణాలను లెక్కపెట్టి తేల్చవచ్చునన్న ఊహలోనే లోపం ఉంది. ఆ లోపం తర్కానికి మాత్రమే సంబంధించినదైతే పండితులకు వదిలివేయవచ్చు. కాని ఆ లక్షణం మీద ప్రజాధనం ఆధారపడి ఉంది. ఎవరి జీవితం తెరకెక్కుతుంది, ఎవరిది ఎక్కదు అన్నది ఆధారపడి ఉంది. ఆ మేరకు ఇది నైతిక ప్రశ్న.

బ్రిటన్‌కు ఈ నిర్వచనం ఎందుకు అవసరమైందో ముందు గ్రహించాలి. ఫ్రెంచి సినిమాకు, జపాన్ సినిమాకు, తెలుగు సినిమాకు భాషే ఒక కంచె. పరాయి చిత్రం ఆ కంచె దాటాలంటే అనువాదమో డబ్బింగో కావాలి. బ్రిటన్‌కు ఆ కంచె లేదు. హాలీవుడ్ మాట్లాడేది కూడా ఇంగ్లీషే. మొదటి ప్రపంచయుద్ధం తరువాత, ఇంకా మూకీల కాలంలోనే, బ్రిటిష్ థియేటర్లు అమెరికన్ చిత్రాలతో నిండిపోయాయి. టాకీలు వచ్చాక కూడా ఆ ప్రవాహానికి భాష ఆనకట్ట కాలేకపోయింది. పైగా తన వద్ద తయారైన ప్రతిభ అదే భాష దారిన అట్లాంటిక్ దాటిపోవడమూ సులభమైంది. 1939లో హిచ్‌కాక్ వెళ్లిపోవడం అందుకు సుపరిచితమైన ఉదాహరణ. భాషను సినిమాకు సహజలక్షణంగా భావించే అలవాటు తెలుగువారిలో ఎంత గట్టిదంటే, ఆ లక్షణం అక్కరకురాని పరిశ్రమ పడే తిప్పలను ఊహించడానికే కొంత ప్రయత్నం కావాలి.

1927 నాటి సినిమాటోగ్రాఫ్ ఫిల్మ్స్ చట్టం తొలి లక్షణాన్ని శాసనరూపంలో పెట్టింది. పంపిణీదారులు, ప్రదర్శకులు తమ చిత్రాలలో నిర్ణీత శాతం బ్రిటిష్ చిత్రాలు ఉండేలా చూడాలి. ప్రదర్శకులకు ఆ వాటా 5 శాతంతో మొదలై క్రమంగా 20 శాతానికి పెరగాలి. మరి బ్రిటిష్ చిత్రం ఏది? బ్రిటిష్ ప్రజ గానీ బ్రిటిష్ కంపెనీ గానీ నిర్మించినది. స్టూడియో దృశ్యాలు బ్రిటిష్ సామ్రాజ్యంలో చిత్రీకరించినది. కథారచయిత బ్రిటిష్ ప్రజ అయినది. జీతాలలో నూటికి 75 వంతులు బ్రిటిష్ ప్రజలకో సామ్రాజ్య నివాసులకో ముట్టినది. ఇక్కడ 'సామ్రాజ్యం' అన్న మాట వద్ద ఆగాలి. నాటి చట్టం దృష్టిలో బ్రిటిష్ ప్రజ అంటే ఇంగ్లండులో పుట్టినవాడు మాత్రమే కాడు. బ్రిటిష్ ఇండియాలో పుట్టినవాడు కూడా. ఇంగ్లండు వెళ్లి సినిమా విద్య నేర్చి వచ్చి మద్రాసులో 'భీష్మప్రతిజ్ఞ' తీసిన రఘుపతి ప్రకాశ్ ఆ అక్షరాల ప్రకారం బ్రిటిష్ ప్రజే. చట్టం వచ్చిన తరువాత మద్రాసులోనో బొంబాయిలోనో తయారైన మూకీ సూత్రరీత్యా బ్రిటిష్ చిత్రం కాగలదు. లండన్ ప్రేక్షకుడు గానీ మద్రాసు ప్రేక్షకుడు గానీ దానిని అలా చూసి ఉంటాడని ఎవరూ అనరు. పాలితుల తలలను లెక్కపెట్టి వారి గొంతును లెక్కలోకి తీసుకోని లక్షణమిది. అతివ్యాప్తికి ఇంతకంటె పెద్ద ఉదాహరణ వెదకనక్కరలేదు.

పరిశ్రమకు అసలు దెబ్బ మరోవైపు నుంచి తగిలింది. కోటా నింపవలసి వచ్చిన అమెరికన్ పంపిణీ సంస్థలు ఆ లెక్క తీర్చడానికి అతిచౌకగా చిత్రాలు తీయించాయి. అడుగు ఫిల్ముకు ఒక పౌండు చొప్పున లెక్కకట్టి తీసిన ఈ చిత్రాలకు 'కోటా క్వికీలు' అన్న పేరు స్థిరపడింది. ఊడ్చేవాళ్లు తప్ప ఎవరూ లేని ఉదయపు వేళ వాటిని ఆడించి కోటా పూర్తయినట్లు రాసుకునేవారన్న కథ నేటికీ ప్రచారంలో ఉంది. చట్టం అడిగిన కంపెనీ, రచయిత, స్టూడియో, జీతాల వాటా అన్నీ వాటిలో ఉన్నాయి. ఎవరికైనా చెప్పవలసిన మాట ఉండాలని మాత్రం చట్టం అడగలేదు. చాలా చిత్రాలలో అది లేదు. 1938 చట్టం కనీస వ్యయ నిబంధన పెట్టి ఈ దురవస్థను కొంత తగ్గించింది. అయితే న్యాయంగా ఒకటి చెప్పాలి: మైకేల్ పావెల్ వంటి దర్శకుడు పని నేర్చుకున్నది ఈ క్వికీల మీదే. శాసనం ఉద్దేశించని మేలు కూడా ఒక్కొక్కప్పుడు జరుగుతుంది.

పుట్టుకను లక్షణంగా తీసుకుందామా అంటే, బ్రిటిష్ సినిమాకు తొలిసారి అంతర్జాతీయ ఖ్యాతి తెచ్చిన 'ది ప్రైవేట్ లైఫ్ ఆఫ్ హెన్రీ ది ఎయిత్' (1933) దర్శక నిర్మాత అలెగ్జాండర్ కోర్డా హంగేరీ దేశంలో పుట్టినవాడు. పావెల్‌తో కలిసి 'ది ఆర్చర్స్' సంస్థను నడిపిన ఎమెరిక్ ప్రెస్‌బర్గర్ కూడా హంగేరీలో పుట్టిన యూదుడే. బెర్లిన్‌లోని ఊఫా సంస్థలో రచయితగా పనిచేసి, నాజీల రాకతో ఆ దేశం వదిలి, చివరికి ఇంగ్లండు చేరాడు. వీరిద్దరూ కలిసి తీసిన 'ది లైఫ్ అండ్ డెత్ ఆఫ్ కర్నల్ బ్లింప్' (1943) బోయర్ యుద్ధం నుంచి రెండవ ప్రపంచయుద్ధం వరకు ఒక ఇంగ్లీషు సైనికాధికారి జీవితాన్ని చిత్రిస్తుంది. యుద్ధంలో కూడా మర్యాద తప్పకూడదన్న అతని నమ్మకాన్ని ప్రేమతోనే ప్రశ్నిస్తుంది. అతని ఆప్తమిత్రుడు ఒక జర్మన్. దేశం జర్మనీతో పోరాడుతున్న సమయంలో ఇటువంటి చిత్రం రావడం చర్చిల్‌కు నచ్చలేదు. నిర్మాణాన్ని ఆపించాలని ప్రయత్నించాడు. దేశాధినేత చూడలేకపోయిన ఇంగ్లీషుతనాన్ని ఒక శరణార్థి చూడగలిగాడు. ఆ చూపు బయటివాని కుతూహలం నుంచి వచ్చినది కాదు. తనకు ఆశ్రయమిచ్చిన సమాజానికి నిజం చెప్పవలసిన బాధ్యత తనకు ఉన్నదని నమ్మినవాని చూపు అది.

కాగితం మీది జాతీయతను ఈలింగ్ స్టూడియో ఒకసారి హాస్యవస్తువుగా కూడా తీసుకుంది. 'పాస్‌పోర్ట్ టు పిమ్లికో' (1949)లో పేలకుండా మిగిలిపోయిన బాంబు ఒకటి పేలి, లండన్‌లోని పిమ్లికో పేట నిజానికి బర్గండీ ప్రభువు సొత్తన్న పాత దస్తావేజు బయటపడుతుంది. ప్రజలు రేషన్ కార్డులు చించివేసి కొత్త స్వాతంత్ర్యాన్ని అనుభవిస్తారు. ప్రభుత్వం సరిహద్దు మూసివేసినప్పుడు ఆ పేటవారు పంతం పట్టే తీరు, లోపలివారికి ఆహారం గోడమీదుగా విసిరే పొరుగువారి తీరు ఎంత లండన్‌తనంతో ఉంటాయో, దస్తావేజు ఎంత అప్రస్తుతమైపోతుందో ప్రేక్షకుడికి వేరుగా చెప్పనవసరం లేదు. పత్రం వారిని బర్గండీ వారిగా నిర్ణయించింది. ఒకరికొకరు జవాబు చెప్పుకునే పద్ధతి వారిని లండన్ వారిగానే ఉంచింది.

ఇక ధనం. 1947 ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం డాలర్ల కొరతను తట్టుకోవడానికి అమెరికన్ చిత్రాల మీద 75 శాతం దిగుమతి సుంకం విధించింది. హాలీవుడ్ తన కొత్త చిత్రాలను పంపడం మానివేసింది. ఖాళీ అయిన తెరలను నింపడానికి ర్యాంక్ సంస్థ భారీగా నిర్మాణం చేపట్టింది. 1948 మార్చిలో రాజీ కుదిరి, నిలిచిపోయిన అమెరికన్ చిత్రాలు ఒక్కసారిగా వచ్చి పడటంతో ఆ సంస్థ తీవ్రంగా నష్టపోయింది. ఆ తరువాత 1950లో వచ్చిన ఈడీ లెవీ మరో మార్గం పట్టింది: టిక్కెట్ల రాబడిలో కొంత వసూలుచేసి బ్రిటిష్ చిత్రాల నిర్మాతలకు పంచడం. బ్రిటన్‌లో నమోదైన కంపెనీ ద్వారా తీస్తే అమెరికన్ ధనంతో తయారైనదీ బ్రిటిష్ చిత్రమే కనుక, ఆ నిధి హాలీవుడ్‌నూ ఆకర్షించింది. జేమ్స్ బాండ్ చిత్రాలు, ఆస్కార్ గెలిచిన 'టామ్ జోన్స్' (1963) యునైటెడ్ ఆర్టిస్ట్స్ పెట్టుబడితో వచ్చినవే. 1960ల చివర అమెరికన్ సంస్థలు వెనుదిరగగానే పరిశ్రమ కుదేలైంది. ఇంతవరకు చదివితే, పరాయి ధనం పరాయి గొంతునే తెస్తుందన్న నిర్ణయానికి రావాలనిపిస్తుంది. కాని అదే సంస్థ ధనంతోనే 'కెస్' (1969) వచ్చింది.

ఈ చిత్రం దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలవాలి. బారీ హైన్స్ నవల ఆధారంగా కెన్ లోచ్ దానిని యార్క్‌షైర్‌లోని బార్న్‌స్లీ బొగ్గుగనుల ప్రాంతంలో తీశాడు. గనిపని తప్ప మరో భవిష్యత్తు చూపని బడిలో చదివే బిల్లీ అనే పిల్లవాడు ఒక డేగపిల్లను పెంచి మచ్చిక చేసుకోవడం కథ. బిల్లీగా నటించిన డేవిడ్ బ్రాడ్లీ ఆ ప్రాంతపు బడిపిల్లవాడే. ఇతర పాత్రలలోనూ అక్కడివారు పలువురు నటించారు. మాటలన్నీ అక్కడి మాండలికంలోనే. ఆ మాండలికం తమకు అర్థం కాదన్నది పెట్టుబడిదారుల అభ్యంతరం. తొలి దృశ్యాలలోని సంభాషణలు కొన్ని మెత్తబరచి మళ్లీ రికార్డు చేయవలసి వచ్చింది. ఇంగ్లీషు సినిమా ఇంగ్లీషు వారికే అర్థం కాదన్న ఈ మాటలో బ్రిటిష్ సినిమా సమస్య అంతా ఇమిడి ఉంది. బ్రిటన్‌కు భాష కంచె కాదని పైన అన్నది ప్రామాణిక భాష విషయంలో మాత్రమే నిజం. మాండలికం కంచె అవుతుంది. అందుకే దానిని తొలగించమన్నారు. తెలంగాణ మాండలికాన్ని చాలాకాలం హాస్యగానికో ప్రతినాయకునికో కేటాయించిన తెలుగు తెరను ఎరిగిన పరిశోధకులకు ఇక్కడ వివరణ అక్కరలేదు.

'కెస్'ను బ్రిటిష్ చిత్రమని అనడానికి ఎవరూ సంకోచించరు. ధనం అమెరికాది కనుక కాదనడం హాస్యాస్పదంగా తోస్తుంది. ఎందుకు? బార్న్‌స్లీ ప్రేక్షకుడు లేచి 'మా బడి ఇలా లేదు, మా పిల్లలు ఇలా మాట్లాడరు' అనగలిగితే ఆ చిత్రం ఓడిపోతుంది. 'గ్రావిటీ'ని అలా ఓడించగలిగిన బ్రిటిష్ ప్రేక్షకుడు లేడు. అందులోని విజ్ఞానం తప్పని భౌతికశాస్త్రవేత్త అనవచ్చు, వేగం తగ్గిందని ఎవరైనా అనవచ్చు. బ్రిటన్ వాసిగా మాత్రం అనగలిగినది ఏమీ లేదు. ఈ భేదాన్నే సినిమా జాతీయతకు ఆధారంగా తీసుకోవడం సమంజసం. జాతీయత చిత్రంలో ఉండే గుణం కాదు, చిత్రానికీ ఒక జనసముదాయానికీ నడుమ ఉండే సంబంధం. ఆ సంబంధం పేరు జవాబుదారీతనం. జాతీయ సినిమాను నిర్మాణస్థానం నుంచి మాత్రమే కాక వీక్షణస్థానం నుంచి కూడా నిర్వచించాలని ఆండ్రూ హిగ్సన్ 1989లోనే ప్రతిపాదించాడు. అయితే వీక్షణ అన్నంత మాత్రాన చాలదు. బ్రిటన్ ప్రేక్షకులు అధికంగా చూసేవి హాలీవుడ్ చిత్రాలే కదా! చూసేవారు ఎవరన్న దానితోపాటు, 'ఇది అబద్ధం' అనే అధికారం ఎవరికి ఉన్నదన్నది కూడా అడగాలి.

ఈ వాదానికి బలమైన ఆక్షేపణ ఒకటి ఉంది. జవాబుదారీతనం అన్న మాటను ప్రభుత్వం చేజిక్కించుకుంటే ఏమవుతుంది? ట్రినిడాడ్‌లో పుట్టిన హోరేస్ ఓవే తీసిన 'ప్రెషర్' (1976) నల్లజాతి బ్రిటిష్ దర్శకుడు తీసిన తొలి పూర్తినిడివి కథాచిత్రం. లండన్‌లో పుట్టి పెరిగిన నల్లజాతి యువకునికి చదువున్నా ఉద్యోగం దొరకదు. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ధనంతోనే తయారైన ఈ చిత్రం, పోలీసు దౌర్జన్యాన్ని చూపిన దృశ్యాల కారణంగా, విడుదల కాకుండా కొంతకాలం నిలిచిపోయింది. ప్రజాధనంతో తీసిన చిత్రం ప్రజలకు జవాబుదారీ కావాలన్న సూత్రాన్నే ఎవరైనా ఆ జాప్యానికి సమర్థనగా చెప్పవచ్చు. ఇక్కడే సూత్రాన్ని కుదించి చెప్పవలసి వస్తుంది. చిత్రం జవాబు చెప్పవలసినది ఎవరి జీవితాన్ని అది చూపుతున్నదో వారికి. వారిని పాలించేవారికి కాదు. 'ప్రెషర్' ఆ యువకులకు బాకీపడి ఉంది, పోలీసు శాఖకు కాదు. సాంస్కృతిక అస్తిత్వం సిద్ధంగా ఉన్న వస్తువు కాదనీ నిరంతరం రూపొందుతూ ఉండేదనీ స్టూవర్ట్ హాల్ చెప్పినది కరీబియన్ సినిమాను చర్చిస్తూనే. ఆ మాటను బ్రిటిష్ సినిమాకు అన్వయిస్తే, 'ప్రెషర్'ను ఆపిననాడు బ్రిటన్ తన అస్తిత్వంలో ఒక భాగం రూపొందకుండా ఆపుకున్నదని చెప్పాలి.

పుట్టుకా ధనమూ బయటివైనా జవాబుదారీతనం లోపలిది కావచ్చుననడానికి తెలుగులోనే మంచి సాక్ష్యం ఉంది. 'మా భూమి'కి మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల. దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ. అది తెలుగు సినిమా కాదనేవారు లేరు. బ్రిటన్‌లో ఇటీవలి ఉదాహరణ కెన్ లోచ్‌దే మరొకటి. 'ఐ, డేనియల్ బ్లేక్' (2016) నిర్మాణంలో ఫ్రాన్స్, బెల్జియం భాగస్వాములు ఉన్నారు. కాన్ ఉత్సవంలో పామ్ దోర్ పొందింది. గుండెజబ్బుతో పనిచేయలేని న్యూకాజిల్ వడ్రంగి ఒకడు ప్రభుత్వ భృతి కోసం కార్యాలయాల చుట్టూ తిరిగే కథ. ప్రతిపక్ష నాయకుడు ఆ చిత్రం చూడమని పార్లమెంటులో ప్రధానిని కోరాడు. చిత్రం వాస్తవానికి దూరమని ప్రభుత్వపక్షం వారు కొందరు ఖండించారు కూడా. ఆ ఖండన సరైనదా కాదా అన్నది వేరు చర్చ. ఖండించవలసిన అవసరం కలగడమే ఇక్కడ గమనించవలసినది.

అయినా 'గ్రావిటీ' పక్షాన చెప్పవలసిన మాటను దాటవేయడం న్యాయం కాదు. పైన్‌వుడ్, షెపర్టన్, లీవ్స్‌డెన్ స్టూడియోలలో సెట్లు కట్టే వడ్రంగులు, దీపాలు అమర్చేవారు, దుస్తులు కుట్టేవారు అమెరికన్ చిత్రాల మీదే అధికంగా బతుకుతున్నారు. 2023లో హాలీవుడ్ రచయితలు, నటులు సమ్మె చేసినప్పుడు బ్రిటన్‌లో చిత్రీకరణలు నిలిచిపోయి ఎందరో పని కోల్పోయారు. అంతరిక్షాన్ని తెరమీద సృష్టించిన నైపుణ్యం కూడా ఆ దేశపు సంపదే. ఇది జీవనోపాధి హక్కు. డేనియల్ బ్లేక్ కథ తెరకెక్కడం వాక్కుకు సంబంధించిన హక్కు. రెండూ ధర్మబద్ధమైనవే. చిక్కల్లా ఈ రెండింటికీ 'బ్రిటిష్ చిత్రం' అన్న ఒకే పేరు పెట్టి, ఒకే ఖాతాలో రాయడంలో ఉంది. అలా రాసినప్పుడు పెద్ద అంకె చిన్న అంకెను కప్పివేస్తుంది. పరిశ్రమ వర్ధిల్లుతోందన్న ప్రకటన వెలువడుతున్న రోజుల్లోనే చిన్న చిత్రాల దర్శకులకు సాంకేతిక నిపుణులూ దొరకరు, థియేటర్లూ దొరకవు.

2024లో వచ్చిన స్వతంత్ర చిత్రాల పన్ను రాయితీ ఈ రెండు హక్కులను విడదీయడానికి ఒక ప్రయత్నం. కోటిన్నర పౌండ్ల వరకు వ్యయమయ్యే చిత్రాలకు అది హెచ్చు రాయితీ ఇస్తుంది. ప్రధాన రచయిత గానీ దర్శకుడు గానీ బ్రిటన్‌కు చెందినవాడు కావాలని, లేదా చిత్రం అధికారిక సహనిర్మాణం కావాలని అడుగుతుంది. ఇది స్వాగతించవలసిన మార్పే. అయితే సహాయం అందేది నిర్మాణదశలో. కోటా, ఈడీ లెవీ రెండూ 1985 చట్టంతో ముగిసిపోయాయి కనుక, తయారైన చిత్రానికి తెర చూపించే శాసనమేదీ ఇప్పుడు లేదు.

పైగా ఆ రాయితీకి కూడా 2007 నాటి సాంస్కృతిక పరీక్షే ప్రధాన ద్వారం. ఇప్పటి రూపంలో దానికి 35 మార్కులు. 18 వస్తే చిత్రం బ్రిటిష్‌ది. కథాస్థలానికి 4, పాత్రలకు 4, ఇతివృత్తానికి 4, బ్రిటిష్ సంస్కృతికి చేసిన దోహదానికి 4, బ్రిటన్‌లో జరిగిన పనికి 5, సిబ్బందికి 8. అన్ని అంశాలలోకీ ఒకే ప్రశ్నకు ఎక్కువ మార్కులు దక్కేది భాషకు: సంభాషణలు ఇంగ్లీషులో ఉంటే 6. హాలీవుడ్ చిత్రానికి ఏ ప్రయత్నమూ లేకుండా దొరికే మార్కులివే. ఏ ఇంగ్లీషు అని ఆ పరీక్ష అడగదు. అది 1969లో అమలులో ఉండి ఉంటే, బార్న్‌స్లీ పిల్లలు మాట్లాడిన 'కెస్' తొలి ధ్వనికీ, పెట్టుబడిదారుల కోసం మెత్తబరచి మళ్లీ రికార్డు చేసిన ధ్వనికీ అవే 6 మార్కులు వచ్చి ఉండేవి.